కుక్కలకు వెండ్రుకలు రాలుట: కారణములును, చేయదగిన పనులును

పొలమునకో, కళ్లమునకో, గొఱ్ఱెలమందకో కావలి కాయు కుక్క మన రైతులలో పెక్కుమందికి కలదు. ఎద్దునకు జబ్బు చేసిన నాడే పశువైద్యశాలకు తోలుకొనిపోవు రైతు, కుక్కకు వెండ్రుకలు రాలి చర్మము బయటపడినను "కుక్కయే గదా" యని యూరకుండును. లేదా పైరునకు చల్లగా మిగిలిన పురుగుమందునో, వాడి తీసివేసిన ఇంజను నూనెనో దానికి పూయును. ఊరకున్నచో రోగము ముదిరి యింటిలోని పిల్లలకును అంటవచ్చును. పురుగుమందు పూసినచో కుక్క ప్రాణమే పోవచ్చును. కావున ఈ విషయమున తెలియదగిన సంగతుల నిచ్చట వివరించుచున్నాము.

సహజముగ రాలుట: వెండ్రుకకు పెరుగు కాలము, నిలుచు కాలము, రాలు కాలము కలవు. ఋతువులు మారునపుడు, ముఖ్యముగ చలికాలము పోయి ఎండలు వచ్చునపుడు, పాతవెండ్రుకలు హెచ్చుగా రాలును. ఈనిన కుక్కకు కొన్ని వారముల తరువాత వెండ్రుకలు పలుచబడి మరల వచ్చుటయు కలదు. ఇందులకు వైద్య మక్కరలేదు. అయితే సహజమేదో, రోగమేదో గుర్తించు టెట్లు? రాలిన వెండ్రుకను గాక చర్మమును చూడవలెను. వెండ్రుకలను వ్రేళ్లతో పాయదీసి చూచినపుడు చర్మము శుభ్రముగ నుండి, దురదయు, పొక్కులును, పొట్టును, దుర్వాసనయు లేకున్నచో భయపడ నక్కరలేదు. వీనిలో ఏ యొకటి యున్నను, చర్మము మచ్చలు మచ్చలుగా బోసిపోయినను రోగమని తలపవలెను.

గజ్జి: కంటికి కానరాని పురుగు చర్మమును తొలిచి లోపల గ్రుడ్లు పెట్టును. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట మొదట బోసిపోవును. దురద మిక్కుటము. చెవి అంచును రుద్దినపుడు కుక్క వెనుకకాలితో గోకుకొనబోయినచో గజ్జి యని గట్టిగా అనుమానింపవచ్చును. గ్రుడ్డు పెరిగి పెద్ద పురుగగుటకు సుమారు 3 వారములు పట్టును. ఒక్కనాడు మందు పూసి మానివేసినచో రోగము తిరుగబెట్టుట కిదియే కారణము. కుక్కను ఎత్తుకొను పిల్లలకు ఈ దురద అంటును.

వెండ్రుకమూలముల పురుగు: ఇది తల్లి పాలు త్రాగు దినములలో పిల్లకు సంక్రమించును. కండ్ల చుట్టును, మూతిమీదను, ముందుకాళ్లమీదను మచ్చలు పుట్టును. మొదట దురద తక్కువ. ఇది మనుష్యులకు అంటదు. ఏడాదిలోపు పిల్లలకు ఒకటి రెండు మచ్చలే యున్నచో తరచుగా వానియంతట అవియే మానును. దేహమంతట వ్యాపించినచో దీర్ఘచికిత్స కావలెను.

తామర: ఇది బూజుజాతికి చెందినది. గుండ్రని మచ్చలై, పొట్టు లేచును. పిల్లలకు అంటును. దీని బీజములు పడకలో నెలల తరబడి బ్రతికియుండును.

గోమార్లును, దూకుచుపోవు చిన్నపురుగులును రక్తము పీల్చుటవలన కుక్క కొరుకుకొని, ముఖ్యముగ తోకమొదట, వెండ్రుకలు పోగొట్టుకొనును. ఇక దురద లేకయే రెండు ప్రక్కలను సమముగ వెండ్రుకలు రాలి, కుక్క మందగించి లావెక్కినచో, థైరాయిడ్ గ్రంథి లోపమై యుండవచ్చును.

ఆహారము: వెండ్రుక చాలవరకు మాంసకృత్తులతో నిర్మితమైనది. గంజియు, సంకటియు మాత్రమే తిను కుక్కకు ఇవి చాలవు. ఉడికించిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప, మాంసపు ముక్కలు వారమున కొన్నిమారులైనను కలుపవలెను. ఉల్లి వేసిన కూర పెట్టరాదు. అది కుక్క రక్తమును చెరుచును.

చికిత్స: వైద్యుడు చర్మమును కొంచెము గీకి సూక్ష్మదర్శినిలో చూచి కారణమును తెలిసికొనును. గజ్జిమందు తామరకు పనికిరాదు; తామరమందు గజ్జికి పనికిరాదు. గొఱ్ఱెలకు వాడు ఐవర్మెక్టిన్‌ను అంచనాతో కుక్కకు ఇయ్యరాదు. కోలీ మొదలగు కొన్ని జాతులకు అది ప్రాణాంతకము. మోతాదు మించినచో ఏ కుక్కకైనను ప్రమాదమే. నేడు గజ్జికిని, గోమార్లకును మింగించు మాత్రలు కలవు. వానిని కుక్క బరువునుబట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. ఇంటిలోని కుక్కల కన్నిటికిని ఒకేమారు చికిత్స చేయింపవలెను. పడుకొను గోనెలను కాల్చివేయుటయో, మరిగిన నీట ఉడికించి ఎండవేయుటయో చేయవలెను.

పైరుమందు పూయుటవలన కలుగు హానిని మరల చెప్పుచున్నాము. కుక్క తన దేహమును నాకుకొనును. పుండ్లుపడిన చర్మముగుండ విషము లోపలికి నింకును. ఎవరైనను తెలియక పూసియుండి, కుక్క నోట చొంగ కారుచు వణకుచున్నచో, చేతికి తొడుగు వేసికొని సబ్బునీటితో వెంటనే కడిగి, మందుసీసాతో సహా పశువైద్యశాలకు గొనిపోవలెను. సీసాపై నున్న పేరును చూచినగాని వైద్యుడు తగిన విరుగుడును త్వరగా ఇయ్యజాలడు.

సభ్యులు తమ కుక్కల చర్మమును నెల కొకమారైనను పాయదీసి చూతురుగాక. మొదటి మచ్చ కనబడిన నాడే వైద్యునికి చూపినచో ఖర్చు స్వల్పము. పిల్లలకు అంటుటయు తప్పును.