గేట్లు లేని నగరంలో చదువు

బెర్లిన్‌ మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు. అమీర్‌పేటలో కార్డు తాకిస్తే తప్ప తెరుచుకోని తలుపులకు అలవాటుపడిన కుర్రాడు ఇక్కడ మెట్లు దిగితే నేరుగా ప్లాట్‌ఫాం మీదకే చేరతాడు. టికెట్‌ ఉందా అని అడిగే మనిషే కనిపించడు. రైలు కదిలాక మాత్రం, అప్పటిదాకా మామూలు ప్రయాణికుల్లా కూర్చున్న ఇద్దరు లేచి టికెట్లు చూపించమంటారు. లేకపోతే జరిమానా 60 యూరోలు. బెర్లిన్‌లో విద్యార్థి జీవితం చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తుంది. అడుగడుగునా ఆపి అడిగేవారు ఉండరు. తప్పితే లెక్క మాత్రం ఇంటికే వస్తుంది, అదీ ఎక్కువగా తపాలాలో.

ఈ ఊరికి చదువు కోసం మనవాళ్లు రావడం కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్‌ హుస్సేన్‌ 1926లో బెర్లిన్‌ విశ్వవిద్యాలయంలోనే అర్థశాస్త్రంలో డాక్టరేట్‌ తీసుకున్నారు. ఆ విశ్వవిద్యాలయాన్నే ఇప్పుడు హంబోల్ట్‌ అంటున్నారు. మరికొన్నేళ్లకు రామ్‌మనోహర్‌ లోహియా అక్కడే చదివారు. అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వెళితే, 2023-24 శీతకాల సెమిస్టర్‌ నాటికి జర్మనీ మొత్తం మీద భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో అంతకుముందు ఏడాదే చైనావాళ్లను వెనక్కి నెట్టి మొదటి స్థానంలోకి వచ్చారు.

ఆకర్షణ ఏమిటంటే ఫీజు. బెర్లిన్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా కోర్సులకు ట్యూషన్‌ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల రుసుము కడితే సరిపోతుంది. జర్మనీ అంతటా ఇలాగే ఉంటుందనుకుంటే పొరపాటే. బాడెన్‌-వుర్టెంబర్గ్‌ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. మ్యూనిక్‌ టెక్నికల్‌ యూనివర్సిటీ కూడా 2024లో అదే దారి పట్టింది.

ఫీజు లేకపోయినా చేతిలో డబ్బు లేకుండా విమానం ఎక్కడం కుదరదు. మన డిగ్రీ అసలైనదేనని తేల్చే ఏపీఎస్‌ ధ్రువపత్రం 2022 నవంబర్‌ నుంచి విద్యార్థి వీసాకు తప్పనిసరి అయింది. ఆపైన బ్లాక్డ్‌ అకౌంట్‌. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయల పైమాటే, ముందుగానే అందులో జమ చేసి చూపాలి. డబ్బు మనదే అయినా ఒక్కసారిగా తీసుకోనివ్వరు. నెలకు 992 యూరోల చొప్పున విడుదలవుతుంది. అందులోంచే గది అద్దె, ఆరోగ్య బీమా, బియ్యం, బట్టలు.

దిగిన వెంటనే మొదలయ్యే మొదటి పరుగు చిరునామా నమోదు. దాన్ని అక్కడ అన్‌మెల్డుంగ్‌ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు పౌర కార్యాలయంలో చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. నమోదు కాగితం చేతికొస్తే పన్ను నంబరు, దాంతోపాటు మిగతా పనులు ఒక్కొక్కటిగా కదులుతాయి. అయితే అపాయింట్‌మెంట్‌ దొరకడమే కష్టం. తెల్లవారుజామున లేచి వెబ్‌సైట్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చోవడం కొత్తవాళ్లకు మామూలే. నమోదైన కొద్దిరోజులకు పిలవని అతిథిలా ఒక ఉత్తరం వస్తుంది. ప్రభుత్వ రేడియో, టీవీల కోసం ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టమని అందులో ఉంటుంది. ఇంట్లో టీవీయే లేదన్నా కుదరదు. నలుగురు ఒకే ఇంట్లో ఉంటే ఒకరు కట్టినా చాలు, మిగతావారు ఆ సంగతి రాసి పంపుకోవాలి.

ఇన్ని ఉత్తరాలు రావాలంటే పోస్ట్‌ డబ్బా మీద పేరుండాలి. ఫ్లాట్‌ నంబరు చూసి ఉత్తరం వేసే అలవాటు అక్కడ లేదు, పేరు చూసే వేస్తారు. ఇంటిపేరుతో కలిపి మూడు నాలుగు మాటలుండే మన పేర్లు ఆ వేలెడు చీటీ మీద పట్టవు. దాంతో ఇంటిపేరొక్కటే అతికించి, బ్యాంకు పిన్‌ కోసం రోజూ డబ్బా తెరిచి చూస్తారు.

హాస్టల్‌ గదులకు పెద్ద నిరీక్షణ జాబితా. అందుకే ఎక్కువమంది చూసుకునేది వేగే, అంటే కొందరు కలిసి పంచుకునే ఫ్లాట్‌. అక్కడ గది ఎవరికివ్వాలో చాలాసార్లు అందులో ఉంటున్నవాళ్లే తేలుస్తారు. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఎన్నింటికి పడుకుంటావు, వంట చేస్తావా, బాత్రూం కడుగుతావా అని అడుగుతారు. ఒక రకంగా పెళ్లిచూపులే. కుదిరాక ఎవరి వంతు ఏ వారమో రాసిన శుభ్రత పట్టిక ఫ్రిజ్‌ మీద కనిపిస్తుంది. రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదు. ఆదివారం గాజు సీసాలను చెత్త డబ్బాలో వేసినా పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తారు. చలికాలంలో కూడా రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరవాలి, లేకపోతే తేమకు గోడలు బూజు పడతాయి. పోపు ఘాటుగా పెడితే పైకప్పున ఉన్న పొగ అలారం కుయ్యిమంటుంది.

తిండికి బెర్లిన్‌లో లోటు లేదు. కొత్తిమీర, పుదీనా కట్టలు, వంకాయలు, బెండకాయలు కావాలంటే టర్కీవాళ్ల దుకాణాలకు వెళ్లాలి. మైబాఖ్‌ ఊఫర్‌ కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో జరిగే సంత ఇందుకు పేరుపడింది. విశ్వవిద్యాలయ క్యాంటీన్‌ను మెంజా అంటారు. విద్యార్థికో ధర, ఉద్యోగికో ధర, బయటివాళ్లకో ధర. బెర్లిన్‌లోని ఫ్రయే యూనివర్సిటీలో 2010లోనే పూర్తి శాకాహార మెంజా తెరిచారు. 2021 శరదృతువు నుంచి నగరంలోని మెంజాల్లో మాంసం వంటకాలు బాగా తగ్గించారు. శాకాహారి బిడ్డ ఏం తింటాడోనని బెంగపడే తల్లికి ఇది ఊరట కలిగించే కబురు. సూట్‌కేసు సర్దేటప్పుడు మాత్రం ఆ తల్లి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆవకాయకు అభ్యంతరం లేదు కానీ నెయ్యి, కోడి పచ్చడి విమానాశ్రయంలో పట్టుకుంటారు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. పచ్చి కరివేపాకూ ధ్రువపత్రం లేకుండా రానివ్వరు.

శనివారం సాయంత్రానికి సరుకులు తెచ్చుకోవాలి. ఆదివారం పెద్ద స్టేషన్లలోవి తప్ప దుకాణాలు దాదాపు అన్నీ మూతే. సరుకులకు వెళ్లేటప్పుడు ఖాళీ సీసాల సంచీ కూడా వెంట ఉంటుంది. ఒకసారి వాడి పారేసే ఒక్కో ప్లాస్టిక్‌ సీసాకు, పానీయం డబ్బాకు కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీది యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగిస్తారు. నెలాఖరులో ఆ రసీదుతోనే పాలు, బ్రెడ్డు వచ్చేస్తాయి.

ఇక తరగతి గది. టైంటేబుల్‌లో పది గంటలని ఉంటే క్లాసు తరచూ పదింపావుకు మొదలవుతుంది. పాఠం ముగిశాక విద్యార్థులు చప్పట్లు కొట్టరు, బల్లల మీద వేలికణుపులతో తడతారు. చాలా క్లాసుల్లో హాజరు తీసుకోరు. ఇంటర్‌లో స్టడీ అవర్లు, బీటెక్‌లో 75 శాతం హాజరు గొడవ మధ్య పెరిగిన విద్యార్థికి ఇది మొదట పండగే. పరీక్షకు పేరు కూడా తనే గడువులోపు నమోదు చేసుకోవాలని తెలిశాక పండగ కాస్త తగ్గుతుంది. నమోదు చేసుకుని, రద్దు చేసుకోకుండా గైర్హాజరైతే సాధారణంగా తప్పినట్టే లెక్క. మార్కులు మనకు తలకిందులు. 1.0 అంటే అత్యుత్తమం, 4.0 పాస్‌, 5.0 ఫెయిల్‌. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్ష మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సే చేజారుతుంది.

డిసెంబర్‌ వచ్చేసరికి సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. లైబ్రరీలోకి వెళ్లేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడూ చీకటే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు గానీ పొద్దు గుంకదు. అక్టోబర్‌ చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరగడంతో హైదరాబాద్‌తో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది. అక్కడ సాయంత్రం క్లాసులు అయ్యేసరికి ఇక్కడ అమ్మానాన్నలు పడుకునే వేళ. అందుకే ఇంటికి ఫోన్లన్నీ మెంజాలో మధ్యాహ్న భోజనం వేళకు మారిపోతాయి.

ఖర్చు కలిసిరావాలంటే పని చేయాలి. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. గిడ్డంగిలో అయినా, కెఫేలో అయినా ఇంతకు తక్కువ ఇవ్వకూడదు. చదువుకు సరిపోయే కంపెనీలో పార్ట్‌టైం దొరికితే తర్వాత ఉద్యోగానికీ పనికొస్తుంది. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఉంటుంది. చిక్కు వచ్చేది భాష దగ్గరే. కోర్సు ఇంగ్లిష్‌లో, స్నేహితులతో తెలుగు, కెఫేలో ఇంగ్లిష్‌. బెర్లిన్‌లో జర్మన్‌ రాకుండానే రెండేళ్లు గడిపేయవచ్చు. ఇంటర్వ్యూ గదిలో మాత్రం చాలా కంపెనీలు జర్మన్‌లోనే మాట్లాడతాయి.

వచ్చే అక్టోబర్‌కు బయల్దేరేవారు పనుల వరుస ఇలా పెట్టుకోవచ్చు: చిరునామా నమోదుకు ఒప్పుకునే గదిని ముందు చూసుకోవాలి, చేరిన రోజే పోస్ట్‌ డబ్బా మీద పేరు అతికించాలి, విశ్వవిద్యాలయ భాషా కేంద్రంలో జర్మన్‌ క్లాసుకు మొదటి సెమిస్టర్‌లోనే పేరిచ్చుకోవాలి. ఆ క్లాసుల్లో సీట్లు పాఠాలు మొదలయ్యేలోపే నిండిపోతుంటాయి.