గతుకుల దారిలో పికప్ బండి

ఒకప్పుడు పాల క్యాన్లు సైకిలు మీదనో, ఎడ్లబండి మీదనో, ఆ తరువాత లారీ మీదనో శీతల కేంద్రానికి చేరేవి. ఇప్పుడు చాలా రూట్లలో ఆ పని పికప్ బండ్లు చేస్తున్నాయి. బల్క్ కూలర్లు వచ్చిన ప్రాంతాలలో కూడ, కూలరు లేని పక్క ఊళ్ళ నుండి క్యాన్లు తెచ్చేది చాలా చోట్ల ఈ బండ్లే. తారు రోడ్డు ఉన్నంతవరకు చిక్కు లేదు. నల్లరేగడి బాట, రాళ్ళు తేలిన దారి, వంతెన లేని వాగు ఎదురైనప్పుడే ఈ బండి ఎన్నాళ్ళు ఆగుతుందన్న ప్రశ్న పుడుతుంది.

ఇది బండి యజమాని ఒక్కడి ప్రశ్న కాదు. పొదుగు నుండి దిగిన పాలు సుమారు 37 డిగ్రీల వేడిలో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. కమాను విరిగి బండి దారిలో రెండు గంటలు ఆగిపోతే, పాలు పుల్లబడి వెనక్కు వస్తే, ఆ నష్టం చివరకు పాలు పోసిన సభ్యుల మీద పడుతుంది. అందువలన బండి ఎక్కడ బలంగా ఉంటుందో, ఎక్కడ లొంగుతుందో సభ్యులకు కూడ తెలియడం మంచిదని మా అభిప్రాయం.

మధ్యరకం పికప్ అనగా నిచ్చెన ఆకారపు ఉక్కు ఛాసిస్ మీద క్యాబిన్ ఒకటి, సరుకు బాడీ ఒకటి విడివిడిగా బిగించి, వెనుక ఇరుసుకు కమాన్లు కట్టిన బండి. టొయోటా వారి హైలక్స్ 1968 నుండి తయారవుతున్నది. ఇసుజు డి-మ్యాక్స్ మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే 2016 నుండి తయారవుతున్నది. మన రూట్లలో ఎక్కువగా కనిపించే బొలెరో పికప్, టాటా యోధ కూడ ఈ నిచ్చెన ఛాసిస్, కమాను సూత్రం మీద కట్టినవే. కాబట్టి ఒకదానికి చెప్పినది చాలావరకు మరొకదానికి వర్తిస్తుంది.

ఈ బండ్ల గట్టితనం గూర్చి కథలకు కొదువ లేదు. 2003లో బ్రిటిష్ టెలివిజన్‌లో ‘టాప్ గేర్’ అనే కార్యక్రమం వారు ఒక పాత హైలక్స్‌ను సముద్రపు పోటులో ముంచారు, నిప్పు పెట్టారు, కూల్చివేసే ఎత్తయిన భవనం మీద ఉంచి భవనంతో సహా పడగొట్టారు. ప్రతిసారీ మామూలు పనిముట్లతో బాగుచేస్తే అది మళ్ళీ స్టార్టయింది. చూడడానికి బాగానే ఉన్నది. కాని ఆ బండి మీద పాతిక పాల క్యాన్లు లేవు, రేపు ఉదయం అయిదింటికి మళ్ళీ అదే వాగు దాటవలసిన పని అంతకన్నా లేదు. 2019లో డాకార్ ఎడారి పందెం గెలిచిన బండి పేరు కూడ హైలక్సే. పేరు, ముఖం తప్ప దానికీ అంగడిలో దొరికే బండికీ పోలిక తక్కువ. పందెం కొరకు వేరుగా కట్టిన బండి అది. ప్రకటనలు చూసి బండి ఎంచుకునేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రోజువారీ మోటు వాడకంలో ఇంజను సాధారణంగా ముందుగా ఓడిపోదు. ఓడిపోయేవి ఛాసిస్, కమాన్లు, షాక్ అబ్జార్బర్లు. వాటిని ఓడించేది దారి ఒక్కటే కాదు, దారికి తోడైన బరువు. ఆస్ట్రేలియాలో ఈ సంగతి బాగా బయటపడింది. అక్కడ ఎడారి మట్టిరోడ్ల మీద డబుల్ క్యాబ్ పికప్‌లకు వెనుక బరువైన బండిని తగిలించి, బాడీ నిండా సామాను వేసి వందల కిలోమీటర్లు పోతారు. అలా వాడిన కొన్ని బండ్లలో క్యాబిన్‌కూ బాడీకీ మధ్య ఛాసిస్ వంగిపోయింది. ఏదో ఒక్క కంపెనీ బండికే పరిమితమైన జబ్బు కాదిది. వెనుక ఇరుసు దాటి వేలాడిన బరువు, దాని మీద గుంతల దెబ్బ, రెండూ కలిసి చేసిన పని.

ఇరుసు దాటిన బరువు ఎందుకు చెడ్డదో చిన్న లెక్కలో చూద్దాం. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ దూరం 3 మీటర్లు అనుకుందాం. వెనుక ఇరుసుకు 1 మీటరు వెనుకగా 100 కిలోలు పెడితే, వెనుక ఇరుసు మీద పడేది 100 కిలోలు కాదు, 133 కిలోలు. మిగిలిన 33 కిలోలు ఎక్కడివి? ముందు ఇరుసు మీద నుండి లేచినవి. అందుకే వెనుక తలుపు దగ్గర సరుకు పేర్చిన బండికి స్టీరింగు తేలికై, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. తూకపు కాడికి పట్టే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

ఇక మన క్యాన్ల సంగతి. 40 లీటర్ల పాలు 41 కిలోల పైన తూగుతాయి. క్యానుతో కలిపి 50 కిలోలు అనుకోవచ్చు. 1.3 టన్నుల బండికి 25 క్యాన్లు ఎక్కిస్తే 1250 కిలోలు అయిపోయినట్లే. పండుగ ముందురోజున పాలు ఎక్కువ వచ్చాయని ఇంకో అయిదు క్యాన్లు తలుపు దగ్గర నిలబెడితే, ఆ 250 కిలోలు ఇరుసుకు వెనుకనే పడతాయి. ఎక్కువ అయినది అయిదు క్యాన్లే గదా అనిపిస్తుంది. ఛాసిస్‌కు మాత్రం అవి అయిదు కావు. బరువు క్యాన్లను క్యాబిన్ వైపుకు, ఖాళీ క్యాన్లను తలుపు వైపుకు పేర్చడం దమ్మిడీ ఖర్చు లేని పని. దూరపు ఊరిలో ముందుగా ఎక్కిన క్యాన్లు ఎక్కడ ఉండాలో రూటు మొదట్లోనే డ్రైవరూ హెల్పరూ అనుకోవాలి. మధ్యలో సర్దడం జరిగే పని కాదు.

అయిదుగురు కూర్చునే డబుల్ క్యాబ్ బండి చూపులకు దొరతనంగా ఉంటుంది. పాల రూటుకు దానిని మేము సిఫారసు చేయము. క్యాబిన్ పెరిగిన మేరకు బాడీ వెనక్కు జరిగి, సరుకులో ఎక్కువ భాగం ఇరుసు దాటి కూర్చుంటుంది. సింగిల్ క్యాబే మన పనికి తగినది.

“కమానుకు ఒక పట్టీ ఎక్కువ వేయించాం, ఇక భయం లేదు” అనే మాట తరచు వింటాము. పట్టీ వేస్తే కమాను బిగుస్తుంది, బండి వెనుక భాగం కుంగదు. ఛాసిస్ బలం మాత్రం వీసమెత్తు పెరగదు. పైగా ఇదివరకు కమాను మింగిన దెబ్బలో కొంత ఇప్పుడు నేరుగా ఛాసిస్‌కు పోతుంది. కుంగడం బండి చేసే హెచ్చరిక. పట్టీ వేసి ఆ హెచ్చరిక నోరు మూయించినట్లవుతుంది.

బరువు తరువాతది వేగం. వేగం రెట్టింపైతే దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. కంకర రోడ్డు మీద రేకుల కప్పు మాదిరి అలలు పడినచోట షాక్ అబ్జార్బరు నిమిషానికి వందల సార్లు ఆడి, లోపలి నూనె వేడెక్కి నురుగు కడుతుంది. నురుగు దెబ్బను ఆపదు. అక్కడి నుండి చక్రం నేలను వదిలి గెంతుతుంది, బ్రేకు సరిగా పట్టదు, పాలూ పాడవుతాయి. సగం నిండిన క్యానులో పాలు చిలకబడి వెన్న నలకలు తేలి మూతకు అంటుకుంటాయి. ఆ క్యాను నుండి తీసిన శాంపిల్‌లో ఫ్యాటు తక్కువ రావచ్చు. కొవ్వు కణాల పొర చిట్లినందువలన ముక్కవాసన కూడ పుడుతుంది. క్యాను మెడ వరకు నింపడం ఇందుకే. డ్రైవరు ఎందుకు తోలుతున్నాడో కూడ ఆలోచించాలి. మూడు సంఘాలలో పది పది నిమిషాలు ఆలస్యంగా తూకం వేసి క్యాన్లు ఇస్తే, ఆ అరగంటను అతడు గుంతల మీదనే పూడ్చుకోవాలి. విరిగిన కమానుకు తప్పంతా డ్రైవరు నెత్తిన వేయడం న్యాయం కాదు.

వాగుల విషయం వేరు. 700 మిల్లీమీటర్ల నీటిలో హైలక్స్ పోగలదని తయారీదారులు చెబుతారు. అది నిలకడ నీటిలో, నెమ్మదిగా నడిపినప్పటి మాట. పారే నీరు రెండడుగులుంటే చాలు, బండినే తోసుకుపోగలదు. గాలి గొట్టం గుండా నీరు ఇంజనులోకి పోతే, నీరు గాలిలా నొక్కుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. నీటిలో ఆగిన బండిని మళ్ళీ స్టార్టు చేయబోవడం ప్రమాదం. కంటికి కనపడని నష్టం ఇంకొకటి ఉన్నది. పరుగెత్తి వేడెక్కిన వెనుక ఇరుసు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైనున్న శ్వాస గొట్టం మట్టితో పూడి ఉంటే, ఆ లోటును సీళ్ళ గుండా నీరు వచ్చి పూరిస్తుంది. నీరు కలిసిన గేరు నూనె పాల మాదిరి తెల్లబడుతుంది. మన వృత్తిలో తెలుపు మంచి రంగే గాని, ఇక్కడ కాదు. ఆ నూనె మార్చకుండా తిప్పితే బేరింగులు, పళ్ళు కొద్దికాలానికే పోతాయి. వానకాలంలో రోజూ వాగు దాటే బండికి ఈ నూనె రంగు తరచు చూడాలి, శ్వాస గొట్టం శుభ్రం చేయించాలి.

నాలుగు చక్రాలూ తిప్పే బండ్లు కొన్ని ఘాటు రూట్లకు నిజంగా అవసరం. అయితే బురద దాటి పొడి తారు రోడ్డు ఎక్కగానే ఆ మీట విడిపించాలి. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు సమానంగా తిరగవు. బలవంతంగా కలిపి ఉంచితే గేర్లు, జాయింట్లు మెలిపడతాయి.

తుప్పు నెమ్మదిగా వచ్చే శత్రువు. అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. టొయోటా వారి టకోమా పికప్‌ల ఛాసిస్‌లు కొన్ని తుప్పుపట్టి చిల్లులు పడగా వ్యాజ్యం నడిచింది. 2016లో కుదిరిన రాజీలో సుమారు 15 లక్షల వాహనాలు చేరాయి. వాటిని పరీక్షించి, అవసరమైన వాటికి ఛాసిస్ మార్చి ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకున్నది. మన దగ్గర ఆ మంచు లేదు. కాని ఒలికిన పాలు పులిసి ఆమ్లమవుతాయి, బాడీ అతుకుల్లోకి దిగి రేకును తింటాయి. సముద్రతీరపు రూట్లలో ఉప్పుగాలి కూడ తోడవుతుంది. సాయంత్రం బండిని పైపైన కడిగి ఊరుకోక, బాడీ కిందినుండి ఛాసిస్ పట్టీల లోపలికి నీరు కొట్టి ఆరనివ్వాలి. అదే సమయంలో కమాన్ల యు-బోల్టులు వదులయ్యాయేమో, షాక్ అబ్జార్బరు ఒంటి మీద నూనె తడి ఉన్నదేమో చూడడానికి పది నిమిషాలు చాలు.

బరువు ఎంత పడుతున్నదో తెలియాలంటే వేబ్రిడ్జి మీద తూచి చూడడమే మార్గం. క్యాన్లు నిండుగా ఉన్న రోజున ముందు చక్రాలను మాత్రం కాటా మీదికి ఎక్కించి ఆ బరువు రాసుకోండి. తరువాత బండి మొత్తం తూచి, దానిలో నుండి మొదటి అంకె తీసివేస్తే వెనుక ఇరుసు బరువు తేలుతుంది. రవాణా బండ్ల ఆర్.సి.లో మొత్తం బరువుతో పాటు ఇరుసుల బరువు కూడ ఉంటుంది, దానితో పోల్చి చూడండి. ఖాళీ క్యాన్లతో పాటు పశువుల దాణా బస్తాలు వేసుకుని తిరిగివచ్చే రోజున కూడ ఒకసారి తూయించండి. రూటు పుస్తకంలో చాలా మంది రాయని బరువు అదే.