పొలంతో పాటు పెత్తనమూ చేతులు మారాలి

పుదుచ్చేరి పట్టణ శివారులోని కురుంబపేట్‌లో ఒక కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. దేశంలో ఇలాంటి కేంద్రాలకు శ్రీకారం చుట్టింది పుదుచ్చేరిలోనే. డాక్టర్ మోహన్ సింగ్ మెహతా కమిటీ సిఫారసు మేరకు భారత వ్యవసాయ పరిశోధన మండలి 1974లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో తొలి కేంద్రాన్ని ప్రారంభించింది. నేడు దేశంలో ఇవి ఏడు వందలు దాటాయి. రైతులతో పాటు గ్రామీణ యువతకూ సేద్యంలో శిక్షణ ఇవ్వడం వీటి తొలి లక్ష్యాల్లో ఒకటి. ఇప్పుడు సాగు చేస్తున్న తరం తప్పుకున్నాక ఆ పొలాలను నడిపేదెవరన్న ప్రశ్న ఆ లక్ష్యానికి కొత్త బరువు తెచ్చింది.

లెక్కలు చూద్దాం. వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు, అంటే రెండున్నర ఎకరాల పైచిలుకుకు తగ్గింది. ఇదే కాలంలో కమతాల సంఖ్య ఏడు కోట్ల నుంచి పద్నాలుగున్నర కోట్లకు పెరిగింది. ప్రతి తరంలోనూ గట్లు పెరిగాయి, మళ్లు చిన్నవయ్యాయి. మరోవైపు, 2003 నాటి జాతీయ నమూనా సర్వేలో, అవకాశం ఉంటే వేరే వృత్తి చూసుకుంటామని సుమారు 40 శాతం మంది రైతులు చెప్పారు. పంచుకోవడానికి వారసులు ఎక్కువ, దున్నడానికి తక్కువ అన్నట్టు తయారైంది పరిస్థితి.

చట్టం చెప్పేది ఎంతవరకు?

ఆస్తి ఎవరికి చెందాలన్నది చట్టం చెబుతుంది. అది ఊరూరికీ ఒకేలా లేదు. ఆంధ్ర ప్రాంతంలో అమల్లో ఉన్న మితాక్షర పద్ధతిలో పిత్రార్జితంపై కొడుకుకు పుట్టుకతోనే హక్కు వచ్చేది. ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరిలో న్యాయస్థానాలు గుర్తించిన హిందూ ఆచారం వేరు. అక్కడ తండ్రి బతికున్నంతకాలం ఆయనే సంపూర్ణ యజమాని. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం పుదుచ్చేరికి 1963లో వర్తించింది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985లోనే కొన్ని పరిమితులతో ఇవ్వగా, దేశమంతటికీ అది 2005 సవరణతో వచ్చింది. అయినా 2015-16 గణనలో కమతాలు నిర్వహిస్తున్నవారిలో స్త్రీలు సుమారు 14 శాతమే.

పొలం ఎవరి పేర ఉండాలో చెప్పిన చట్టం, దాన్ని నడిపే నేర్పు ఎవరికి అందాలో చెప్పదు. పుదుచ్చేరి దగ్గరి బాహూరు చెరువు ఆయకట్టునే తీసుకోండి. చెరువు నీరు ఎన్నాళ్లు వస్తుంది, ఎప్పుడు బోరు మీద ఆధారపడాలి, సముద్రానికి దగ్గరి పొలాల్లో ఏ బావి నీరు ఎండల్లో ఉప్పుబారుతుంది, ఏ మడి వానకు మునుగుతుంది, పంట ఎవరికి అమ్మితే డబ్బు సమయానికి చేతికొస్తుంది? ఇవేవీ పాసు పుస్తకంలో ఉండవు. పెద్దాయన మంచాన పడ్డాక అడిగితే సగమే దొరుకుతాయి.

పెత్తనానికీ ఒక నిచ్చెన

ఈ బదిలీ ఎలా జరుగుతుందో బ్రిటన్ పరిశోధకుడు ఆండ్రూ ఎరింగ్టన్ అధ్యయనం చేశారు. 1991లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆయన సర్వే తర్వాత ఫ్రాన్స్, కెనడా, అమెరికాలకు విస్తరించింది. అందులో తేలినదాన్ని ఒక నిచ్చెనగా ఊహించుకోవచ్చు. వారసుడి చేతికి ముందుగా వచ్చేవి ఎరువు ఎంత వేయాలి వంటి సాంకేతిక నిర్ణయాలు. తర్వాత పంటల ప్రణాళిక, కూలీల నిర్వహణ, అమ్మకపు బేరాలు వస్తాయి. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది డబ్బు మీద అధికారం. కొందరికి ఆ చివరి మెట్టు తండ్రి పోయేదాకా అందదు. నలభై ఏళ్లు దాటినా వాళ్లు ‘రైతు గారి అబ్బాయి’గానే మిగిలిపోతారు. అప్పు తీసుకోవడం, నష్టాన్ని తట్టుకోవడం వంటివి ఒక్కరోజులో మీద పడతాయి.

వారసుడు ఖాయమైతే పొలం తీరే మారుతుందని క్లైవ్ పాటర్, మాట్ లాబ్లీ 1990లలో బ్రిటన్‌లో గమనించారు. అలాంటి కుటుంబాలు భూమి మీద పెట్టుబడి పెంచుతాయి. ఎవరూ రారని తెలిసినచోట సాగు క్రమంగా తగ్గుముఖం పడుతుంది. జపాన్‌లో ఇప్పుడు సేద్యమే ప్రధాన వృత్తిగా ఉన్నవారి సగటు వయసు 68కి చేరువలో ఉంది. నిర్ణయాన్ని వాయిదా వేస్తూ పోతే ఎక్కడికి చేరతామో ఆ దేశం చూపిస్తోంది.

ఇంట్లో ఏం చేయవచ్చు?

నిచ్చెన మొదటి మెట్టును త్వరగా వేయడానికి ఒక మార్గం, పొలంలోనే వారసులకు సొంత విభాగం ఇవ్వడం. పుట్టగొడుగులు, తేనెటీగలు, నర్సరీ, పాడి ఇందుకు అనువైనవి. లాభనష్టాలు, లెక్కల పుస్తకం వాళ్లవే అయి ఉండాలి. వ్యవసాయ పరిశోధన మండలి 2015-16లో ప్రారంభించిన ‘ఆర్య’ పథకం యువతకు కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా ఇలాంటి శిక్షణే ఇస్తోంది.

కాగితాల సంగతీ ముఖ్యమే. ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసిన వీలునామా మరణానంతరం అమల్లోకి వస్తుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రిజిస్టరైన దానపత్రంతో హక్కు వెంటనే చేతులు మారుతుంది. అందుకే పోషణ బాధ్యతను షరతుగా అందులోనే రాయించుకోవడం మంచిది. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద దానాన్ని రద్దు చేయించుకునే వీలుంది.

అసలు చాలామంది పెద్దలు పెత్తనం వదలకపోవడానికి కారణం మొండితనం కాదు, రేపటి తిండి మీద భయం. చిన్న, సన్నకారు రైతులకు 60 ఏళ్లు నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను ఇచ్చే ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజన 2019లో వచ్చింది. అయితే అందులో 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరాలి. అంటే తప్పుకోవడానికి ఏర్పాట్లు, ఇంకా దుక్కి దున్నే వయసులోనే మొదలవ్వాలి.

ఈ పంట కాలానికి ఒక్క పని చేసి చూడండి. విత్తనం కొనుగోలు నుంచి ధాన్యం డబ్బు లెక్క దాకా ఒక మడిని పూర్తిగా కూతురికో కొడుకుకో అప్పగించండి. అడిగితే తప్ప సలహా చెప్పకండి. ఒకటి రెండు తప్పులు జరుగుతాయి. పక్కన పెద్దలున్నప్పుడు జరిగే తప్పుల ఖరీదు తక్కువ.