ఏదీ విరగలేదు, నొప్పి మాత్రం పోదు: డాక్టర్లు మళ్ళీ కూర్చుని చదివే చదువు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకీ, డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళకీ అందులోని అసలు సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాం. విషయం ఒంటి నొప్పులు. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే, ఆ నొప్పుల కోసం ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు మళ్ళీ చదువుకునే ఒక చదువు.

"డాక్టర్ల చదువుతో మనకేం పని?" అనుకోకండి. రాడ్ బెండింగ్ చేసేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, రోజంతా ట్రక్కు నడిపేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు, అందరికీ ఒళ్ళే పెట్టుబడి. నడుము పట్టేస్తే డ్యూటీ పోతుంది. డ్యూటీ పోతే ఇంటికి పంపే డబ్బు ఆగిపోతుంది. ఆ నడుము చూసే డాక్టరుకి దాని గురించి ఎంత తెలుసన్నది మన కడుపుకి సంబంధించిన ప్రశ్న.

మామూలు డిగ్రీ సరిపోదా?

ఎముక విరిగితే పుత్తూరు కట్టు, లేదంటే ఎముకల డాక్టరు. ఈ దారి మనందరికీ తెలుసు. మరి ఏదీ విరక్కుండానే నొప్పి పుడితే? ఎక్స్‌రే బాగానే ఉందంటారు, రాత్రి పడుకుంటే మాత్రం పక్క తిరగలేం. కండరాలు, కీళ్ళు, నరాలు, వెన్నుపూసల నుంచి వచ్చే ఇలాంటి బాధల్ని ఆపరేషన్ లేకుండా చూసే వైద్యాన్ని మస్క్యులోస్కెలిటల్ మెడిసిన్ అంటారు.

డాక్టరు దగ్గరికి జనం ఎక్కువగా వెళ్ళే కారణాల్లో ఈ నొప్పులొకటి. అయినా మామూలు డాక్టరు చదువులో వీటికి దొరికే చోటు తక్కువ. 1998లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అప్పుడే పట్టా పుచ్చుకుని ఆసుపత్రిలో చేరిన 85 మంది కొత్త డాక్టర్లకి ఎముకలు, కండరాల మీద ప్రాథమిక పరీక్ష పెట్టారు. 70 మంది తప్పారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు, వాళ్ళకి ఆ పాఠం సరిగ్గా చెప్పలేదు, అంతే.

న్యూజిలాండ్‌లో ఏం చేశారంటే

న్యూజిలాండ్‌లో 1974 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్పెవరిదని చూడకుండా వైద్యం ఖర్చు ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ భరిస్తుంది. పనికోసం వచ్చిన విదేశీయులకీ ఇది వర్తిస్తుంది. మనిషి ఎన్నాళ్ళు పనికి దూరమైతే ఆ వ్యవస్థ మీద అంత భారం. కాబట్టి నొప్పిని మొదట్లోనే సరిగ్గా పట్టుకోవడం అక్కడ అందరికీ అవసరమే.

ఆ దేశంలో మస్క్యులోస్కెలిటల్ మెడిసిన్‌ని మెడికల్ కౌన్సిల్ ఒక ప్రత్యేక వైద్య విభాగంగా గుర్తించింది. ఒటాగో విశ్వవిద్యాలయం క్రైస్ట్‌చర్చ్ శాఖ ఇందులో పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా నడుపుతోంది. ఇది ప్రాక్టీసులో ఉన్న డాక్టర్ల కోసమే. క్లినిక్ మానక్కర్లేదు. చాలా భాగం దూరం నుంచే చదువుతారు, చేత్తో నేర్చుకోవాల్సినది మాత్రం అక్కడికి వెళ్ళి నేర్చుకుంటారు. రాత్రి చదివిన పాఠాన్ని పొద్దున్నే ఎదురుగా కూర్చున్న పేషెంటులో చూడొచ్చు.

బ్రిటన్‌లో దీనికి దగ్గరగా ఉండే స్పోర్ట్ అండ్ ఎక్సర్‌సైజ్ మెడిసిన్‌ని 2005లో స్పెషాలిటీగా గుర్తించారు. మన దేశంలో దగ్గరి చదువు ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్‌లో ఎండీ. సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు ఈ విభాగం ఉన్న ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కోండి.

ఇందులో ఏం నేర్పుతారు?

మొదటిది, చేత్తో చూడటం. ఎక్కడ నొప్పి, ఎటు వంగితే ఎక్కువ, కాలు చాపి పైకెత్తితే పిక్క దాకా లాగుతోందా, బొటనవేలిలో బలముందా, సుత్తితో కొడితే మోకాలు ఎగురుతోందా. స్కానుకి పంపక ముందే వీటితో చాలావరకు తేలుతుంది.

రెండోది, స్కానుని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడం. మనలో చాలామందికి "నీ డిస్క్ అరిగిపోయింది" అన్నమాట వినగానే కాళ్ళు చల్లబడతాయి. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్లు చూసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క తీశారు. 30 ఏళ్ళవాళ్ళలో 52 శాతానికి, 50 ఏళ్ళవాళ్ళలో 80 శాతానికి డిస్క్ అరుగుదల కనిపించింది. అంటే తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. స్కానులో కనిపించిందల్లా మీ నొప్పికి కారణమని చెప్పలేం.

మూడోది, మనిషి బతుకు అడగడం. 1997లో న్యూజిలాండ్‌లోనే "పసుపు జెండాలు" అనే మార్గదర్శకం తయారైంది. కదిలితే నడుము ఇంకా పాడవుతుందన్న భయం, దిగులు, పనిచోట గొడవలు లాంటివి ఉంటే నొప్పి ఎక్కువకాలం పాతుకుపోయే ప్రమాదం ఉందని డాక్టరు ముందే గమనించాలన్నది దాని సారం. అలాగని నొప్పి ఉత్తదని కాదు. నొప్పి నిజమే. అప్పు భారం, ఇంటి బెంగ దాన్ని పెంచగలవు. ఆ సంగతి క్యాంపులో ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పాలా?

మరి మనం చేయగలిగింది

ఇలా చదువుకున్న డాక్టరు ప్రతి క్లినిక్‌లోనూ దొరకరు. అయినా ఆ చదువులోని సారాన్ని మనం కొంత వాడుకోవచ్చు.

వెళ్ళేముందు కాగితం మీద రాసుకోండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం ఎత్తుతుండగా వచ్చింది, కాల్లోకి దిగుతోందా, మీ పని ఏమిటి. డాక్టరు దగ్గర అయిదు నిమిషాలే దొరికినా అవి వృథా కావు.

"చేత్తో ఒకసారి చూస్తారా సార్?" అని అడగండి. స్కాను రాస్తే, "దీనివల్ల వైద్యం ఏమైనా మారుతుందా?" అని అడగండి. ఇది అమర్యాదేమీ కాదు. ఒక నెల జీతం మిగలొచ్చు.

కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం కంటే మెల్లగా నడుస్తూ ఉండటమే మేలు. డైక్లోఫినాక్ లాంటి మాత్రలు, ఇంజెక్షన్లు సొంతంగా రోజుల తరబడి వాడకండి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక, పైన ఈ మందులు కూడా పడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో పుండ్లు పడొచ్చు.

కొన్ని మాత్రం ఎర్ర జెండాలు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలం తగ్గిపోవడం, నొప్పితో పాటు జ్వరం, ఎత్తు నుంచి పడ్డాక వచ్చిన నొప్పి. వీటిలో ఏది కనిపించినా ఫోర్‌మన్ ఏమంటాడో అని చూడకండి, షిఫ్టు అయ్యేదాకా ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. అక్కడ స్కానూ కావాలి, ఒక్కోసారి ఆపరేషనూ కావాలి.

పక్క మంచం మీద నడుం పట్టుకుని మూలుగుతున్న తమ్ముడుంటే ఈ చివరి భాగం అతనికి చదివి వినిపించండి. మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పంపండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం, ఉంటామండీ.