మిస్సమ్మ చేజారినా భానుమతి ఎందుకు తగ్గలేదు?

‘మహానటి’ చూడనివాళ్ళు మనలో తక్కువ. 2018లో ఆ సినిమా వచ్చినంక మన ఏజ్ వాళ్ళు చాలామంది ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ ఫోన్‌లో వెతుక్కుని మరీ చూసిన్రు. నేను కూడా అట్లనే చూసిన. అయితే ‘మిస్సమ్మ’లో మేరీ పాత్రకు ముందు తీసుకున్నది సావిత్రి గారిని కాదు, భానుమతి గారిని. ఊరికే అనుకోవడం కాదు, కొన్ని రీళ్ళు షూటింగ్ కూడా అయింది. మధ్యలో ఆమె బయటికి వచ్చేశారు.

ఈరోజు ఎపిసోడ్ ఆమె గురించే. సావిత్రి గారి కథ విన్నప్పుడు మన కళ్ళు తడుస్తయి. భానుమతి గారి పేరెత్తితే మాత్రం చాలామంది ‘అబ్బో, ఆమెకు పొగరెక్కువ’ అని ఒక్క మాటతో తేల్చేస్తరు. నాకు డౌట్ వచ్చింది అక్కడనే. పొగరు ఎవరికైనా ఉండొచ్చు. ఆ పొగరుతో ఆరు దశాబ్దాలు ఇండస్ట్రీలో నిలబడాలంటే ఇంకేదో కూడా ఉండాలి కదా. అది ఏంది?

ముందు ‘మిస్సమ్మ’ గొడవ సంగతి చెప్తా. నిర్మాతలు విజయా వాళ్ళు, అంటే నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. డైరెక్టర్ ఎల్.వి. ప్రసాద్. ఇండస్ట్రీలో చెప్పుకునే కథ ఏందంటే, ఒకరోజు వరలక్ష్మీ వ్రతం ఉందని భానుమతి గారు సెట్‌కు లేటుగా వచ్చారు. ముందే కబురు పంపానని ఆమె అన్నారు. ఆ కబురు చక్రపాణి గారి దాకా పోలేదు. క్షమాపణ రాసి ఇవ్వమని ఆయన పట్టుబట్టారు. తప్పు చేయనప్పుడు ఎందుకు రాయాలని ఈమె ససేమిరా అన్నారు. ఆయన అప్పటిదాకా తీసిన రీళ్ళు తగలబెట్టించారని చెప్తరు. మేరీ పాత్ర సావిత్రి గారికి వచ్చింది, సావిత్రి గారు చేయాల్సిన పాత్ర జమున గారికి పోయింది. 1955 జనవరిలో సినిమా విడుదలైంది. తర్వాత ఏమైందో మీకు తెలుసు.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 1950లలో ఒక హీరోయిన్ అంత పెద్ద సంస్థకు ‘రాయను’ అని చెప్పి ఇంటికి పోవాలంటే, మరుసటి రోజు ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆమె చేతిలో ఏం ఉండెనో చూద్దాం.

మొదటిది గొంతు. భానుమతి గారు 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం, కూతురికి చిన్నప్పటి నుంచే నేర్పించారు. 1939లో సి. పుల్లయ్య గారి ‘వరవిక్రయం’తో సినిమాల్లోకి వచ్చారు. కాళ్ళకూరి నారాయణరావు గారు వరకట్నం మీద రాసిన నాటకమే ఆ సినిమా. అందులో కాళింది పాత్ర ఆమెది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా సరిగా లేవు.

ఆ తర్వాత రోజుల్లో ప్లేబ్యాక్ వచ్చింది. తెర మీద ఒకరు, వెనకాల పాడేది ఇంకొకరు. ఆమె మాత్రం తన పాట తానే పాడుకున్నారు. ‘మిస్సమ్మ’లో సావిత్రి గారికి పాడింది పి. లీల గారు. భానుమతి గారే చేసి ఉంటే ఆ పాటలు ఆమె గొంతులోనే వినేవాళ్ళం. అంటే ఆమెను తీసేసి ఇంకొకరిని పెట్టాలంటే మొహంతో పాటు గొంతు కూడా మార్చాలె. ఇద్దరి పని ఒక్కరే చేస్తుంటే ఆ మనిషిని తీసేయడం అంత ఈజీ కాదు.

రెండోది సొంత కంపెనీ. ‘కృష్ణప్రేమ’ షూటింగ్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ రామకృష్ణారావు గారిని ఇష్టపడి 1943లో పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళి తర్వాత సినిమాలు మానేద్దామనే అనుకున్నారట. బి.ఎన్. రెడ్డి గారు పట్టుబట్టి 1945లో ‘స్వర్గసీమ’ చేయించారు. అందులో పావురం పాటతో ఆమె పేరు మోగిపోయింది.

ఇక్కడ చాలామంది ‘స్టార్ అయిపోయింది’ అని ఆగిపోతరు. అసలు మలుపు దీని తర్వాతే ఉంది. కొడుకు పేరు భరణి. ఆ పేరుతోనే భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. తర్వాత మద్రాసులో భరణీ స్టూడియో కూడా కట్టారు. 1949లో ‘లైలా మజ్ను’ వాళ్ళ సంస్థ నుంచే వచ్చింది. హీరో ఏఎన్నార్, డైరెక్టర్ రామకృష్ణ గారు.

నాకు ఇది ఎందుకు అంత ముఖ్యం అనిపించిందో చెప్తా. నేను బీటెక్ అయినంక సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరిన మొదటి రోజే ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన. అందులో ఒక లైన్ ఉంటది: నువ్వు రాసే ప్రతి కోడూ కంపెనీదే. చదవకుండనే సంతకం పెట్టిన, మీలో చాలామంది కూడా అట్లనే పెట్టి ఉంటరు. అది తప్పేం కాదు, జాబ్ అంటే అదే. మా జక్రాన్‌పల్లి సైడు బీడీలు చుట్టే అమ్మలకు ఇది ఏ అగ్రిమెంట్ చదవకుండనే తెలుసు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కట్టి చేతిల పెడ్తరు. కట్ట మీద లేబుల్ మాత్రం కంపెనీది.

సినిమా హీరోయిన్ కూడా అప్పట్లో దాదాపు అంతే. సినిమాకు ఇంత అని ఇస్తరు. ప్రింట్ నిర్మాతది, లాభం నిర్మాతది, రేపు ఎవర్ని తీసుకోవాలనే నిర్ణయం కూడా నిర్మాతదే. భానుమతి గారు ఆ లేబుల్ మీద తన ఇంటి పేరు రాసుకున్నారు.

మూడోది డైరెక్షన్. 1951లో ‘మల్లీశ్వరి’ వచ్చింది. డైరెక్టర్ బి.ఎన్. రెడ్డి, హీరో ఎన్టీఆర్, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. అంత పేరొచ్చిన తర్వాత ఎవరైనా పెద్ద పెద్ద హీరోల పక్కన వరసగా సంతకాలు పెడతరు. ఈమె 1953లో కెమెరా వెనక్కి పోయి ‘చండీరాణి’ డైరెక్ట్ చేశారు. ఒక్క భాషలో కాదు, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. అందులో రెండు పాత్రలు కూడా ఆమెవే. తెలుగులో తొలి మహిళా దర్శకురాలిగా ఆమె పేరే చెప్తరు. అప్పటికి ఆమె వయసు దాదాపు ఇరవై ఎనిమిది. నా ఏజ్! నేను ఆ ఏజ్‌లో ఒక ఎపిసోడ్ ఎడిట్ చేయడానికే మూడు రాత్రులు నిద్ర మానుకుంటున్న.

మరుసటి ఏడాది, 1954లో, వాళ్ళ సంస్థ తీసిన ‘చక్రపాణి’కి సంగీత దర్శకత్వం కూడా ఆమెదే. పేరు విని కన్ఫ్యూజ్ కావొద్దు, అది సినిమా పేరు. అంటే ‘మిస్సమ్మ’ గొడవ నాటికి ఆమె నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, సంగీత దర్శకురాలు. క్షమాపణ రాయకపోతే ఏమైతది? ఒక సినిమా పోతది, బతుకు పోదు. అందుకే నాకు పొగరు అనే మాట సరిపోదు అనిపిస్తది. ‘నో’ అనడానికి ధైర్యం ఒక్కటే చాలదు, తిరిగి పోవడానికి మనదంటూ ఒక చోటు ఉండాలె.

అయితే ఆమెకు కలిసొచ్చినవి కూడా చెప్పాలె, లేకపోతే ఇది మోటివేషన్ వీడియో అయితది. సంగీతం నేర్పే తండ్రి దొరికారు. భర్తకు సినిమా పని తెలుసు, భార్య డైరెక్ట్ చేస్తానంటే అడ్డం పడలేదు. అది అందరికీ దొరకదు. సావిత్రి గారు కూడా ఊరికే కూర్చోలేదు. 1968లో ‘చిన్నారి పాపలు’ డైరెక్ట్ చేశారు, తర్వాత సొంతంగా సినిమా తీసి డబ్బులు పోగొట్టుకున్నారు. 1981 డిసెంబర్ 26న వెళ్ళిపోయారు, యాభై ఏళ్ళు కూడా నిండకుండా. కాబట్టి సొంత కంపెనీ పెడితే అంతా బాగైపోతది అని నేను చెప్పను. ఒకామె తెలివైంది, ఇంకొకామె కాదు అని అసలే చెప్పను. ఒకే ఆటలో ఒకరి వెనకాల గోడ ఉండె, ఇంకొకరి వెనకాల లేకుండె.

నాలుగోది కలం. వయసు పెరుగుతుంటే హీరోయిన్‌కు పాత్రలు తగ్గుతయి. అప్పుడు ఆమె చేతిలో రాత ఉంది. ‘అత్తగారి కథలు’ చదివి ఇళ్ళల్లో పడి పడి నవ్వుకున్నరు. ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది. 1966లో పద్మశ్రీ, తర్వాత పద్మభూషణ్. 1982లో అంతా చిన్నపిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు. 1984లో బాలయ్య ‘మంగమ్మగారి మనవడు’ గుర్తుందా? టైటిల్‌లో ముందున్న మంగమ్మ ఆమెనే. అరవైకి దగ్గర పడినంక కూడా టైటిల్‌లో సగం ఆమె పాత్ర పేరే.

ఆ సినిమా టీవీలో వస్తే మా నానమ్మ బీడీల చాట పక్కన పెట్టి కూర్చునేది. ‘గీమె ఎవ్వని మాట ఇనదు బిడ్డా’ అనేది. అప్పుడు నేను దాన్ని తిట్టు అనుకున్న. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతులో కొంచెం ముచ్చట కూడా ఉండెనేమో అనిపిస్తది. నానమ్మ జిందగీ మొత్తం వెయ్యికి ఇంత అన్న లెక్కనే విన్నది. లెక్క తానే చెప్పే ఆడమనిషి ఆమెకు తెర మీదనే కనిపించింది.

భానుమతి గారు 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూశారు, ఎనభై ఏళ్ళ వయసులో.

ఫోన్‌లో రీల్స్ చేసేవాళ్ళు, పాటలు పాడి పెట్టేవాళ్ళు, కోడ్ రాసేవాళ్ళు, మనమందరం పొద్దున లేస్తే ఏదో ఒకటి తయారు చేస్తూనే ఉంటం. సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆ కాగితం చదవండి. అందరం స్టూడియో కట్టలేం. కానీ నేను చేసిన దాంట్లో నాది ఏముంది అని అడగడం అయితే ఫ్రీనే కదా.

ఈ వీకెండ్ ‘మిస్సమ్మ’ మళ్ళా చూడండి. సావిత్రి గారు అద్భుతం, అందులో డౌటే లేదు. అది అయినంక ‘మల్లీశ్వరి’ కూడా చూడండి. పాట వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి వినండి. మొహం, గొంతు రెండూ ఒక్కరివే. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.