పెళ్లి పత్రికకున్న వివరం పుస్తకానికేదీ?

కట్టంగూర్ : పెళ్లి పత్రికలో వరుడెవరో, వధువెవరో, తల్లిదండ్రులెవరో, ముహూర్తం ఎన్ని గంటలకో, విందు ఎక్కడో అన్నీ ఉంటాయి. అడుగున అచ్చు వేసిన ప్రెస్సు పేరూ ఉంటుంది. వారం రోజుల అవసరానికి అచ్చు వేసే కాగితానికి ఇంత శ్రద్ధ చూపేవారే, ఏళ్ల తరబడి కష్టపడి రాసిన పుస్తకం దగ్గరకు వచ్చేసరికి ఆ వివరాలను గాలికొదిలేస్తున్నారు. సొంత ఖర్చుతో అచ్చవుతున్న పుస్తకాలను చూస్తే అచ్చయిన సంవత్సరం లేనివి, వెల లేనివి, ఎక్కడ దొరుకుతుందో చెప్పనివి కనిపిస్తూనే ఉంటాయి.

ఇవి ఎటువంటి పుస్తకాలో చెప్పనక్కరలేదు. ఊరి చరిత్ర, బతుకమ్మ పాటల సేకరణ, గ్రామదేవతపై శతకం, రజాకార్ల కాలం చూసినవారు చెప్పిన సంగతులు, చేనేతకారులో కుమ్మరులో వాడే మాటల పట్టిక. బడిపంతులుగా చేసి రిటైరైనవారు, పాటలు కట్టేవారు పింఛను డబ్బుతోనో అప్పుతోనో ఐదారు వందల ప్రతులు వేయిస్తారు. ఆవిష్కరణ సభ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు, వందో నూటయాభయ్యో ప్రతులు ఉచితంగా పంచుతారు. మిగిలినవి గోనెసంచిలో అటకెక్కుతాయి. రాసిన మనిషి పోయాక ఆ సంచిలో ఏముందో ఇంట్లోవారికే తెలియదు. ఆ పుస్తకంలోని సంగతి చెప్పగల ముసలివారు అప్పటికే పోయి ఉంటారు కనుక ఈ నష్టం పూడేది కాదు.

ఇదిలా ఉండగా, అదే ఊరివారు హైదరాబాదులో ఎల్బీనగర్ వైపు స్థిరపడినవారు, అమెరికా వెళ్లినవారు తమ ఊరి గురించి ఏమైనా ఉందేమోనని సెల్‌ఫోన్‌లో వెతుకుతున్నారు. పుస్తకం ఉంది, చదివేవారూ ఉన్నారు. మధ్యలో చీటీ లేదు.

పుస్తక వ్యాపారంలో ఆ చీటీనే మెటాడేటా అంటారు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, అచ్చయిన ఊరు, సంవత్సరం, పుటలు, వెల, భాష, విషయం, పది వాక్యాల్లో పరిచయం, వెతికేవారు టైపు చేయగల మాటలు అంటే కీవర్డులు ఇందులో ఉంటాయి. దుకాణం గాని, గ్రంథాలయం గాని, ఇంటర్నెట్ గాని పుస్తకాన్ని గుర్తుపట్టేది దీన్నిబట్టే. పట్నాల్లోని పెద్ద ప్రచురణ సంస్థల్లో ఇందుకు మనుషులు ఉంటారు. పల్లె రచయితకు ఎవరూ లేరు. ఇప్పుడు ఆ పనికి చాట్‌బాట్ అక్కరకొస్తోంది. చాట్‌బాట్ అంటే మనం ప్రశ్న టైపు చేస్తే కూర్చి జవాబు రాసిచ్చే కంప్యూటర్ ఏర్పాటు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ రావడంతో వీటి పేరు ఊరూరా పాకింది. తర్వాత గూగుల్ వారి జెమిని వంటివి వచ్చాయి. మామూలు సెల్‌ఫోన్‌లో, తెలుగులోనే అడగవచ్చు. చిన్న పనులకు డబ్బు కట్టనక్కరలేదు.

354 మంది పేర్లు

పేరు నమోదు కాకపోతే ఏమవుతుందో తెలంగాణకు కొత్తగా చెప్పాల్సింది లేదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు అచ్చులోకెక్కింది. గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పి నడుపుతున్నారు. ఆ మాటకు ఆయన వ్యాసంతో బదులు చెప్పి ఊరుకోలేదు. కవుల వివరాలు, పద్యాలు సేకరించి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో ఆస్థాన కవులే కాదు, పల్లెల్లో ఎవరికీ తెలియకుండా పద్యాలు రాసుకుంటున్నవారూ ఉన్నారు. లేరన్నవారికి పేరూ ఊరూ చూపించారు. ఆ పేర్లన్నీ విడివిడిగా ఇళ్లలో ఉన్నంతకాలం వాదనకు పనికిరాలేదన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. నల్లగొండలోనూ 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక పెట్టారు.

బ్రిటిష్ ఇండియాలో 1867 నాటి చట్టం కింద అచ్చయిన ప్రతి పుస్తకం నమోదై, జాబితాలు వెలువడేవి. నిజాం రాజ్యం ఆ చట్టం కిందకు రాలేదు. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం పత్రికలకే పరిమితమైంది. పుస్తకాల ఊసు అందులో లేదు. అంటే పుస్తకం వివరం నిలిచేలా చూసుకునే బాధ్యత ఇక వేసినవారిదే.

ఒకే ఊరికి ఎన్ని చిరునామాలో

మన ప్రాంతపు పుస్తకానికి చీటీ రాయడంలో ఉన్న అసలు చిక్కు పేర్లది. కట్టంగూర్ అని ఒకరు రాస్తే కట్టంగూరు అని మరొకరు రాస్తారు. అయిటిపాముల అని కొందరు, ఐటిపాముల అని కొందరు. నల్లగొండ, నల్గొండ రెండూ వాడుకలో ఉన్నాయి, పాత పేరు నీలగిరి. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళితే ఒక్కో పేరు నాలుగు రకాలవుతుంది. వెతికేవారు ఏది టైపు చేస్తారో ముందుగా తెలియదు.

ఇది చాలదన్నట్టు సర్కారు హద్దులూ మారుతూ వచ్చాయి. 1948 వరకు నిజాం రాజ్యం, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రం, 2014 జూన్ 2 వరకు ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత తెలంగాణ. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోయాయి. మహబూబ్‌నగర్ పరిస్థితీ అంతే. దాని నుంచి అప్పుడే నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల విడివడగా, 2019లో నారాయణపేట ఏర్పడింది. 1980లో నల్లగొండ జిల్లా పాటలని పేరు పెట్టిన పుస్తకంలో సూర్యాపేట పాటలూ ఉండవచ్చు. ఇవాళ సూర్యాపేట జిల్లా అని వెతికే కుర్రవాడికి అది కనబడదు. పాత పేరూ కొత్త పేరూ రెండూ చీటీలో ఉంటేనే దొరుకుతుంది.

సరిగ్గా ఈ పనిలో చాట్‌బాట్ మనిషికంటే చురుకు. ఊరి పేరిచ్చి, ఎన్ని విధాలుగా రాసే అవకాశం ఉందో తెలుగులో, ఇంగ్లిషులో పట్టిక ఇమ్మంటే చిటికెలో ఇస్తుంది. అందులోంచి నిజంగా వాడుకలో ఉన్నవి ఏరుకోవడం ఊరివారి పని.

అను అక్షరాల తంటా

చాట్‌బాట్‌కు పుస్తకం చూపించబోతే మొదట ఎదురయ్యే అడ్డంకి డీటీపీ సెంటరులోనే ఉంది. తెలుగు పుస్తకాలు, కరపత్రాలు ఎన్నో ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతున్నాయి. కాగితం మీద అక్షరం ముచ్చటగా ఉంటుంది. అదే ఫైలులోంచి నాలుగు వాక్యాలు తీసి ఫోన్‌లో వేస్తే గుర్తులు, ఇంగ్లిషు అక్షరాలు కలగాపులగంగా వస్తాయి. కంప్యూటర్లన్నీ ఒకేలా చదవగలిగేది యూనికోడ్ అక్షరాన్ని. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉన్నాయి, అయితే వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక మార్చాక ఒకసారి చదివి దిద్దుకోవాలి. పుస్తకం మొత్తం కాకపోయినా పేరు, విషయసూచిక, ముందుమాట, అట్ట వెనుక రాత యూనికోడ్‌లో ఇమ్మని ముందే డీటీపీ ఆపరేటరుకు చెప్పుకుంటే సగం తంటా తీరుతుంది. అచ్చయ్యాక అడిగితే ఫైలే దొరకని సందర్భాలుంటాయి.

అడిగే తీరు

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తమ ఊళ్లో 1948కి ముందటి వెట్టిచాకిరీ గురించి పన్నెండు మంది వృద్ధులు చెప్పిన మాటలు పుస్తకంగా వేశారనుకుందాం. నా పుస్తకానికి మంచి పరిచయం రాసిపెట్టు అని మాత్రమే అడిగితే, గ్రామీణ జీవన సౌందర్యాన్ని కళ్లకు కట్టిన అపురూప గ్రంథం అన్నట్టు ఏదో రాసిస్తుంది. ఆ మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి, కనుక దేనికీ పనికిరావు. వెట్టి గురించిన పుస్తకానికి సౌందర్యం అంటగడితే చదివినవారు నవ్వుతారు కూడా.

అలాకాక విషయసూచిక, ముందుమాట, రచయిత గురించి ఐదు వాక్యాలు ఇచ్చి, ఇందులో ఉన్నది తప్ప ఒక్క ముక్క కలపవద్దు, తెలియనిచోట ఖాళీ వదలిపెట్టు, పొగడ్త మాటలు వద్దు, ఎనిమిదో తరగతి చదివినవారికి అర్థమయ్యేలా ఎనిమిది వాక్యాల్లో రాయి అని గిరిగీసి అడగాలి. అప్పుడు పన్నెండు మంది వృద్ధులు, ఏ కులవృత్తివారు ఏ వెట్టి చేశారు, ఏ ఏట ఆగింది వంటి గట్టి సంగతులు ముందుకొస్తాయి. అదే పరిచయాన్ని వాట్సాప్‌లో పంపడానికి మూడు వాక్యాలకు, గ్రంథాలయానికి ఇచ్చే చీటీకి ఒక వాక్యానికి, విదేశాల్లో ఉన్నవారికి ఇంగ్లిషులోకి కుదించి ఇమ్మనవచ్చు. ఈ పుస్తకం కొనడానికి ఎవరికి అక్కర ఉంటుంది అని కూడా అడిగి చూడవచ్చు. చరిత్ర పరిశోధన చేసే విద్యార్థులు, బడి గ్రంథాలయాలు, వలస వెళ్లిన ఊరివారు అని అది చెప్పే జాబితాలో రచయితకు తట్టనివారు ఒకరిద్దరైనా ఉండవచ్చు.

గ్రంథాలయంలో పుస్తకం ఏ అరలో కూర్చోవాలన్నదీ చీటీలో భాగమే. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన అంకెల పద్ధతిలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. ఊరి చరిత్ర అక్కడికి పోకూడదు, చరిత్ర అరలో ఉండాలి. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అందాలని 1931లో సూత్రాలు రాసిన రంగనాథన్ ఈ అరల సంగతికి జీవితమంతా ఇచ్చారు. ఏ సంఖ్య కిందకు వస్తుందని చాట్‌బాట్‌ను అడగవచ్చు, ఖరారు చేయాల్సింది మాత్రం గ్రంథపాలకుడే.

లేనిది ఉన్నట్టు

తెలియనిది తెలియదనకపోవడం ఈ యంత్రాల పెద్ద జబ్బు. రాని అవార్డు వచ్చినట్టు, అచ్చుకాని సంవత్సరంలో అచ్చయినట్టు, ఎవరూ రాయని సమీక్ష రాసినట్టు తడుముకోకుండా రాసేయగలవు. ఊరిని పక్క జిల్లాలో కూడా పెట్టగలవు. చీటీలోకి ఒకసారి ఎక్కిన తప్పు ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాసుకోవడంతో దుకాణాలకు, జాబితాలకు పాకిపోతుంది, వెనక్కు తీసుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే పేర్లు, తేదీలు, అంకెలు మూడింటినీ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడాలి. ఊళ్లో ఇంకొక మనిషి చేత చదివిస్తే మరీ మంచిది.

ఐఎస్‌బీఎన్ అనే 13 అంకెల సంఖ్యను చాట్‌బాట్ చేత ఎన్నడూ రాయించకూడదు. అది పుస్తకానికి ఆధార్ వంటిది. మన దేశంలో దాన్ని ఇచ్చేది కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ. రుసుము లేదు. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఇంటర్నెట్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. సంఖ్య సరైనదో కాదో చూసుకునే లెక్క ఒకటుంది. మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో ఇలా వరుసగా హెచ్చించి మొత్తం కూడితే, వచ్చినది పదితో శేషం లేకుండా భాగింపబడాలి. ఊహించి రాసిన సంఖ్యలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ఇంకొక జాగ్రత్త ఉంది. అచ్చు కాని పుస్తకాన్ని మొత్తంగా చాట్‌బాట్‌కు ఇవ్వడం మంచిది కాదు. ఇచ్చిన రాతను తమ యంత్రం శిక్షణకు వాడుకునే సంస్థలు ఉన్నాయి. వద్దని చెప్పే అవకాశం సెట్టింగుల్లో ఉంటే ముందు అది నొక్కాలి. ఊరి తగాదాలు, బతికున్నవారి పేర్లు ఉన్న పుటలను అసలే ఇవ్వకూడదు. దొంగ సమీక్షలు రాయించే ఆలోచన ఉంటే అదీ మానుకోవాలి. ఇంటర్నెట్ సమీక్షలకు భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులోనే ప్రమాణాలు ప్రకటించింది.

అమ్మకం సంగతి

చీటీ బాగుంటే ప్రతులన్నీ అమ్ముడుపోతాయని ఎవరూ ఆశ పెట్టుకోనక్కరలేదు. తెలుగుకు దారులే తక్కువ. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు ప్రారంభించినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. అంతకు ఆరేళ్ల ముందే, 2010లో, తెలుగువారు కినిగె పేరుతో సొంతంగా ఈ-పుస్తకాల అంగడి తెరిచారన్నది విశేషం. సొంతంగా ఈ-పుస్తకం వేసుకునేవారికి అమెజాన్ ఏడు కీవర్డులకు చోటిస్తుంది. పుస్తకంలో యంత్రం రాసిన రాత, బొమ్మ, అనువాదం ఉంటే తెలియజేయాలని 2023 సెప్టెంబరు నుంచి నిబంధన పెట్టింది. పల్లె రచయితకు గట్టి బేరం మాత్రం ఇప్పటికీ ఊరివారి వాట్సాప్ గ్రూపులు, బడులు, హైదరాబాదు పుస్తక ప్రదర్శన వంటి చోట్లే.

అమ్మినా అమ్మకపోయినా చేయాల్సిన పని ఒకటుంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. వీటితో పాటు నల్లగొండలోని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి కూడా ఒక్కోటి ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు. సరిచూసిన చీటీని తెలుగులోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనూ టైపు చేయించి లోపలి అట్టకు అంటిస్తే, సూచికలో ఎక్కించేవారు పుస్తకమంతా తిరగేయాల్సిన పని ఉండదు.