మిక్కీకి టిప్పు వద్దు, గది సర్దినవాళ్ళను మరవద్దు

ఓర్లాండో పక్కనే ఉన్న కిసిమ్మీలో నేను ట్యాక్స్ రిటర్నులు వేసిపెడుతుంటాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నా బల్ల ముందు కూర్చునేవాళ్ళలో చాలామంది వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పనిచేసేవాళ్ళే. రైడ్ల దగ్గర బెల్టులు సరిచూసేవాళ్ళు, హోటల్ గదులు సర్దేవాళ్ళు, రెస్టారెంట్లలో వడ్డించేవాళ్ళు. వేసవి రాగానే నా ఫోనుకు వేరే ప్రశ్నలు మొదలవుతాయి. అమ్మానాన్నలను హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రప్పించుకుని డిస్నీకి బయల్దేరే తెలుగు కుటుంబాలు అడిగేది ఒకటే: "అక్కడ టిప్పు ఎవరికివ్వాలండీ?"

అక్కడి ఉద్యోగులను డిస్నీ 'కాస్ట్ మెంబర్లు' అంటుంది. టిప్పు లెక్కన చూస్తే వాళ్ళు రెండు వర్గాలు. కూర్చోబెట్టి వడ్డించే సర్వర్లు, బార్‌లో పనిచేసేవాళ్ళు, హోటల్లో సామాను మోసేవాళ్ళు, గదులు సర్దేవాళ్ళు టిప్పు తీసుకోవచ్చు. రైడ్లు నడిపేవాళ్ళు, పార్కు ఊడ్చేవాళ్ళు, కొట్లలో అమ్మేవాళ్ళు, మిక్కీ, మిన్నీ వేషాలు కట్టేవాళ్ళు తీసుకోకూడదు. ఇవ్వబోతే మర్యాదగా వద్దనాలి.

మా బాబాయి వచ్చినప్పుడు ఇదే జరిగింది. మోకాళ్ళ నొప్పితో ఉన్న పిన్నిని ఓపిగ్గా పడవలో కూర్చోబెట్టిన కుర్రాడి చేతిలో ఇరవై డాలర్ల నోటు పెట్టబోయాడు. ఆ అబ్బాయి నవ్వుతూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "మొహమాటపడుతున్నాడే, తీసుకోమని నువ్వు చెప్పు" అన్నాడు బాబాయి నాతో. "మొహమాటం కాదు బాబాయ్, తీసుకుంటే అతని ఉద్యోగానికే ఇబ్బంది. బలవంతపెట్టకు" అన్నాను. ఈ నియమం మంచిదనే నేననుకుంటాను. గంటసేపు ఎండలో వరుసలో నిలబడ్డ పిల్లలు మిక్కీ దగ్గరకొస్తుంటే, డబ్బులిచ్చిన పిల్లకు ఒక కౌగిలి ఎక్కువ దక్కకూడదు. రైడ్ దగ్గరైతే మరీ ముఖ్యం. పిల్లవాడి ఎత్తు చాలకపోతే ఎక్కించకూడదు, అంతే. అక్కడ నోటు చేతులు మారకూడదు.

టిప్పు లేనివాళ్ళకు ఇక జీతమే ఆధారం. టిప్పు ఉన్నవాళ్ళ జీతం సంగతి మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు చాలామందికి తెలియదు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అదే. కానీ నెలకు 30 డాలర్లకు మించి టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని 2.13 డాలర్లిస్తే చాలు, మిగతాది టిప్పులతో నిండాలి. నిండకపోతే ఆ తేడా యజమానే కట్టాలి. ఆ 2.13 అంకె 1991 నుంచి కదలలేదు. ఫ్లోరిడాలో పరిస్థితి కాస్త మెరుగు. 2020 నవంబర్‌లో ఓటర్లే రాజ్యాంగ సవరణకు ఓటేసి కనీస వేతనాన్ని ఏటా పెంచుకుంటూ 15 డాలర్లకు చేర్చాలని తీర్మానించారు. 2025 సెప్టెంబర్ 30 నుంచి అది 14 డాలర్లు. టిప్పులొచ్చేవాళ్ళకు మాత్రం అందులో 3.02 తగ్గించి 10.98 ఇవ్వొచ్చు. అంటే వడ్డించినవాళ్ళకు మనమిచ్చే టిప్పులో కొంత అసలు జీతమే. నచ్చితే ఇద్దాం, లేకపోతే లేదు అనుకోవడానికి లేదు.

ఇంకో చిక్కు ఉంది. మనవాళ్ళు వెళ్తే గుంపుగా వెళ్తారు. డిస్నీ రెస్టారెంట్లలో ఒకే టేబుల్‌కు ఆరుగురు గానీ, అంతకు మించి గానీ ఉంటే బిల్లులో 18 శాతం తనంతట తానే పడుతుంది. మన దేశంలో హోటళ్ళు సర్వీస్ ఛార్జిని బిల్లులో వాటంతట అవే కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ అలవాటుతో వచ్చినవాళ్ళు ఇక్కడ కూడా "తీసెయ్యమని అడగొచ్చుగా" అంటారు. ముందే మెనూలో రాసి ఉంటుంది కాబట్టి కట్టాల్సిందే. అయితే బిల్లు కింద మళ్ళీ టిప్పు గడి కనబడుతుంది. చూసుకోకుండా ఇంకో 20 శాతం రాసేవాళ్ళను చూశాను. బిల్లు ఒకసారి చదువుకోండి.

ఆ 18 శాతాన్ని పన్నుల శాఖ టిప్పుగా లెక్కకట్టదు. అతిథి తన ఇష్టంతో ఇచ్చిందే టిప్పు. తప్పనిసరిగా వసూలు చేసింది సర్వీస్ ఛార్జి. చట్టం దృష్టిలో అది యాజమాన్యం ఆదాయం, అందులో ఉద్యోగికి ఇచ్చింది జీతం. ఎంత ఇవ్వాలన్నది సంస్థ పద్ధతిని బట్టి, యూనియన్ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. నా దగ్గరకొచ్చే సర్వర్ల వార్షిక జీతపత్రం డబ్ల్యూ-2లో టిప్పులకు వేరే గడి ఉంటుంది, ఈ ఛార్జి మాత్రం జీతంలో కలిసిపోతుంది. 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 25 వేల డాలర్ల దాకా టిప్పుల మీద ఆదాయపన్ను మినహాయింపు వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. అతిథి మనసుతో ఇచ్చిన పది డాలర్లకు ఆ మినహాయింపు ఉంది, బిల్లు దానంతట అది వేసిన దానికి లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఎదుట కూర్చున్నవాళ్ళ ముఖం వాడిపోతుంది. నాకూ బాధగానే ఉంటుంది.

టిప్పును మేనేజర్లు, సూపర్‌వైజర్లు పంచుకోకూడదని 2018లో కేంద్ర చట్టాన్ని సవరించారు. మంచి పని. కాలిఫోర్నియాలోనైతే టిప్పు పేరు చెప్పి జీతం తగ్గించడమే కుదరదు.

అయినా డిస్నీ ఉద్యోగుల బతుకుల్ని నిజంగా మార్చింది టిప్పులు కాదు, యూనియన్ ఒప్పందాలు. వేషాలు కట్టేవాళ్ళ సంగతే చూడండి. ఫ్లోరిడా ఎండలో, బరువైన బొమ్మ తల పెట్టుకుని తిరిగేవాళ్ళు. ఒకప్పుడు వేషంలో వేసుకునే లోదుస్తులు కూడా రోజూ తిరిగి ఇచ్చేసి, మర్నాడు ఎవరివో వేసుకోవాల్సి వచ్చేది. ఎవరివి వాళ్ళకు ఉండాలన్న హక్కును వాళ్ళ తరఫున టీమ్‌స్టర్స్ యూనియన్ సాధించింది 2001లో! ఎంతమంది అతిథులు ఎన్ని నోట్లిస్తే అది వచ్చేది?

జీతాల కథా అదే. ఆరు యూనియన్ల కూటమి ఇక్కడ దాదాపు 45 వేల మంది తరఫున మాట్లాడుతుంది. 2023 ఫిబ్రవరిలో డిస్నీ ఇస్తానన్న పెంపును ఓటేసినవాళ్ళలో 96 శాతం వద్దన్నారు. మార్చిలో కొత్త ఒప్పందం కుదిరింది. టిప్పుల్లేని ఉద్యోగాలకు ఆ ఏడాది చివరికల్లా కనీసం 18 డాలర్లు. ఒప్పందం కుదిరిన నాటికి రాష్ట్ర కనీస వేతనం 11 డాలర్లే. ఫ్లోరిడాలో యూనియన్లో చేరమని ఎవరినీ నిర్బంధించడానికి వీల్లేదు, చందా కట్టనివాళ్ళకు కూడా ఒప్పందం వర్తిస్తుంది. కట్టినవాళ్ళు తమ జేబులోంచి అందరి కోసం కట్టారన్నమాట.

కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో పోరాటం ఇంకా పొడుగు. నగర రాయితీలు పొందే పర్యాటక సంస్థలు ఎక్కువ జీతమివ్వాలని అనహైమ్ ఓటర్లు 2018లో చట్టం చేశారు. అది తమకు వర్తించదని డిస్నీ వాదించింది. 2023లో అప్పీల్ కోర్టు వర్తిస్తుందని తేల్చింది. 2024 చివర్లో కంపెనీ 23 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీపడింది. అదే 2024 మే నెలలో అక్కడి వేషధారులు, పరేడ్ కళాకారులు సుమారు 1,700 మంది నటుల యూనియన్‌ను ఎంచుకున్నారు.

ఇప్పుడు మీ ప్రయాణం సంగతి. హోటల్ గదిలో టిప్పు ఆఖరి రోజుకని దాచకండి. సర్దేవాళ్ళు రోజుకొకరు మారొచ్చు. 'హౌస్‌కీపింగ్‌కి' అని ఇంగ్లీషులో చీటీ రాసి నోటు దాని మీద పెట్టండి. చీటీ లేకపోతే మీరు మరిచిపోయారనుకుని ముట్టుకోరు. మిక్కీతో భోజనం చేసే చోట మీరిచ్చే టిప్పు వడ్డించినవాళ్ళకే, మిక్కీకి కాదు. టిప్పు తీసుకోకూడని వాళ్ళెవరైనా మనసుకు నచ్చితే చొక్కా మీది పేరుబిళ్ళ చూడండి, పేరు, సొంతూరు ఉంటాయి. డిస్నీ యాప్‌లో 'కాస్ట్ కాంప్లిమెంట్' అని ఉంటుంది. యాప్ చేతకాకపోతే మ్యాజిక్ కింగ్‌డమ్ ముఖద్వారం దాటగానే కనబడే సిటీ హాల్లో చెప్పొచ్చు. పేరు, చోటు, ఏ వేళ, ఏం చేశారో చెప్పండి. అది వాళ్ళ పైఅధికారికి చేరుతుంది. ఆ పడవ కుర్రాడి గురించి బాబాయి తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేసి పంపాను.